మోషే పంచకాండములు: వాని యర్థము, పుట్టుక

యూదుల పరిశుద్ధగ్రంథమునకు మొదట నిలిచిన యైదు భాగములను తెలుగు బైబిలునందు ఆదికాండము, నిర్గమకాండము, లేవీయకాండము, సంఖ్యాకాండము, ద్వితీయోపదేశకాండము అని పిలుచుచున్నారు. ఈ యైదింటికిని కలిపి హీబ్రూ భాషలో తోరా యని పేరు. తోరా యనగా బోధ, ఉపదేశము. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున అలెగ్జాండ్రియా పట్టణమందు దీనిని గ్రీకుభాషలోనికి మార్చినవారు ఆ పదమునకు బదులు శాసనార్థకమగు 'నోమోస్' అను పదమును వాడిరి. న్యాయవాదవృత్తిలోనున్న మాకు ఈ మార్పు చిన్నదిగా గన్పట్టదు. శాసనమును శిరసావహింపవలెను, బోధనైనచో విచారించి గ్రహింపవచ్చును.

ఈ కాండములన్నియు మోషే స్వహస్తముతో వ్రాసెనని పూర్వాచారము. ఏ దస్తావేజునకైనను కర్త యెవరని తేల్చుటకు ముందుగా దాని లోపలి సాక్ష్యమును జూడవలెను గదా! ద్వితీయోపదేశకాండపు కడపటి యధ్యాయమున మోషే మరణమును, ప్రజలు ముప్పది దినములు విలపించుటయు, ఆయన సమాధి నేటివరకు ఎవరికిని తెలియదనుటయు గలవు. ఆదికాండము 36వ అధ్యాయమున, ఇశ్రాయేలీయులకు రాజు లేని కాలమున ఎదోము నేలిన రాజుల పట్టిక యున్నది. ఇశ్రాయేలునందు రాజరికము వెలసిన పిమ్మట గాని యిట్టి మాట పుట్టనేరదు. మొదటి యధ్యాయమున జంతువులకు పిమ్మట స్త్రీపురుషులు సృష్టింపబడిరి; రెండవ దానిలో ముందు పురుషుడు, తరువాత జంతువులు, తుదకు స్త్రీ. నోవహు ఓడలోనికి ప్రతిజాతినుండి రెండేసి యని యొకచోట, పవిత్రజంతువులు ఏడేసి జతలని మరియొకచోట నున్నది.

12వ శతాబ్దమున ఇబ్న్ ఎజ్రా యను యూదపండితుడు గూఢముగా సూచించిన దానిని 1670లో స్పినోజా బాహాటముగా వాదించెను. 1753లో ఆస్ట్రుక్ అను ఫ్రెంచి వైద్యుడు, దేవునికి వాడిన నామభేదమును బట్టి ఆదికాండపు మూలములను వేరుపరచెను. 1878లో జర్మను పండితుడు వెల్‌హౌజెన్ నాలుగు పాయల వాదమును స్థిరపరచెను. ఆ పాయల హద్దులను, కాలములను గూర్చి నేటి విద్వాంసులు విభేదింతురు. అనేకుల చేతులు పడినవనుటలో మాత్రము వారిలో పెక్కురు ఏకాభిప్రాయులే.

ఈ విచారణకు మూల్యము చెల్లించినవారును గలరు. ఆఫ్రికాలోని నేటాలునందు బిషప్పుగా నుండిన కోలెన్సో, ప్రళయకథను జూలూభాషలోనికి మార్చుచుండగా, సహాయకుడైన జూలూ యొకడు, ఇదియంతయు నిజమేనా యని యడిగెను. కోలెన్సో అవుననలేకపోయెను. 1862లో తన విమర్శను ప్రకటింప మొదలిడెను. 1863లో పైయధికారి ఆయనను పదవినుండి త్రోసివేసెను. 1865లో ప్రివీకౌన్సిలు ఆ త్రోసివేత చెల్లదని తీర్పుచెప్పెను. (1949 వరకు మన వ్యాజ్యములకును కడపటి న్యాయస్థానమదియే.) 1850 ప్రాంతమున దేవేంద్రనాథ ఠాకూరు మొదలగువారు వేదములు నిర్దుష్టప్రమాణములను వాదమును విడిచినపుడు, వారి కెదురైనదియు ఆ జూలూవాని ప్రశ్నయే యని మా తలంపు.

అట్లైన ఈ గ్రంథము విలువ తగ్గినదా? పాఠకులు దాసులను గూర్చిన రెండు విధులను ప్రక్కప్రక్కన నుంచి చదువవలెను. నిర్గమకాండము 21వ అధ్యాయమున, హీబ్రూ దాసుడు ఆరేండ్లు పనిచేసి యేడవ యేట విడుదల పొందును. దాసిగా అమ్మబడిన కూతురు మాత్రము అతనివలె వెళ్ళిపోరాదు. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయమున, మగవాడైనను ఆడుదైనను విడువవలెను. అంతేగాదు, వట్టిచేతులతో పంపరాదు. మందలోనుండియు, కళ్ళములోనుండియు, ద్రాక్షగానుగలోనుండియు ధారాళముగా నీయవలెను. కారణమేమనగా, నీవును ఐగుప్తులో దాసుడవై యుంటివి గదా యనుట. రెండవది తరువాతి కాలపుదని పండితులలో పెక్కురి మతము. యెరూషలేము దేవాలయమున క్రీ.పూ. 622 ప్రాంతమున, యోషీయా రాజుకాలమునందు దొరికినదని చెప్పబడిన గ్రంథముతో దీనికి సంబంధము గలదనియు వారి యూహ.

ఇచ్చట శాసనము మారినది. మార్చినది మానవుని యంతరాత్మ. ఆ మార్పును దైవప్రేరణ యనుటకు మాకు సంకోచము లేదు. మార్పు పూర్తియైనదనియు చెప్పము. అన్యజాతి దాసులను వంశపారంపర్యముగా నుంచుకొనవచ్చునని లేవీయకాండము 25వ అధ్యాయమున గలదు. అమెరికాలో బానిసల యజమానులు 19వ శతాబ్దమున దానినే చూపి వాదించిరి. ఏ పుటయు తప్పు గాదనువానికి వారి నోరు మూయించు మార్గము లేదు. తోరాను కూర్చిన లేఖకులు మాత్రము కూతురిని విడువరాదన్న విధిని చెరిపివేయలేదు, దానిని మించిన విధిని దాచనులేదు. రెండును నేటికిని ఒక్క గ్రంథమునందే యున్నవి.