మేకపోతు బరువు పిల్లలకు దక్కేదెంత?

సంతలో బేరగాడు మేక నడుము నొక్కి చూసి ధర చెబుతాడు. బలిసిన పోతుకే గిరాకీ. అవసరం వచ్చినప్పుడు రైతు ముందుగా దాన్నే తోలుకొస్తాడు. ఎవరూ అడగని బక్కపోతు మందలో మిగిలి, వచ్చే ఏటి పిల్లలకు తండ్రి అవుతుంది. అరకులోయ మేకల పెంపకందార్లు లెక్కలోకి తీసుకోని నష్టం ఇదే.

ఒకే మందలో బరువులు తేడాగా ఉండడానికి మేత, తల్లిపాలు, రోగాలు కొంత కారణమైతే, పుట్టుక కొంత కారణం. ఈ తేడాలో తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమించే వంతును 'అనువంశికత' అంటారు. 1937లో అమెరికన్ శాస్త్రవేత్త జె. ఎల్. లష్ ప్రచురించిన గ్రంథం ఈ లెక్కకు పశుపోషణలో ప్రచారం తెచ్చింది. జింకలను ఫారాల్లో పెంచే న్యూజిలాండ్‌లోనూ పోతుల ఎంపికకు ఇదే ఆధారం. మన కొండల్లో కణితి, దుప్పి ఉన్నా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటి వ్యాపారం నేరం. కనుక మనకు పనికొచ్చే లెక్క మేకలదే.

ఉదాహరణకు మందలో ఏడాది వయసు సగటు బరువు 16 కిలోలు, అనువంశికత 30 శాతం అనుకుందాం. 20 కిలోల పోతును ఉంచుకుంటే అది సగటు కంటే 4 కిలోలు ఎక్కువ. ఆడమేకలు సగటువే అయితే తండ్రి వంతు సగమే, అంటే 2 కిలోలు. అందులో 30 శాతం, 600 గ్రాములు, పిల్లలకు దక్కుతుందని ఆశించవచ్చు. అదే 13 కిలోల బక్కపోతు మిగిలితే పిల్లకు 450 గ్రాముల తరుగు. రెండింటికీ తేడా కిలో పైచిలుకు! ముప్పై పిల్లలకు 31 కిలోలు దాటుతుంది. రెండు మేకల బరువు అన్నమాట.

అయితే పోతును కంటితో చూసి ఎంచడంలో మోసం ఉంది. కవలల్లో ఒకటిగా పుట్టి సగం పాలతో పెరిగిన పోతు, ఒంటరిగా పుట్టిన దాని పక్కన చిన్నగానే కనిపిస్తుంది. అది జాతి లోపం కాదు. పాలు మాన్పే నాటి బరువులో తల్లి ప్రభావం ఎక్కువ. ఏడాది నాటి బరువే నమ్మదగినది. ఒకే కారులో పుట్టి, ఒకే చోట మేసిన వాటినే పోల్చాలి. మంచి పోతు దొరికినా రెండేళ్లకు మించి అదే మందలో ఉంచితే తన కూతుళ్లనే దాటుతుంది, ఆ సంతానం నీరసిస్తుంది. అప్పటికి పక్క ఊరి మందతో పోతును మార్చుకుంటే ఖర్చు లేదు.