పులకింత ఎందుకు పుడుతుంది? శాస్త్రీయ సంగీతం చెప్పే పాఠం

భరతముని నాట్యశాస్త్రంలో ఎనిమిది సాత్త్విక భావాలను పేర్కొన్నాడు. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అన్నవి అవి. వీటిలో మూడవదైన రోమాంచాన్నే మనం వాడుకలో పులకింత అనీ, గగుర్పాటు అనీ, 'ఒళ్ళు జలదరించింది' అనీ అంటాం. చలి వేసినప్పుడు రోమాలు నిక్కబొడుచుకోవడంలో వింత లేదు. భయం వేసినప్పుడూ అంతే. కాని సంగీతం గాలిలో పుట్టే కంపనం మాత్రమే. అది ఆకలి తీర్చదు, ప్రాణాపాయమూ కలిగించదు. మరి దానిని విన్నప్పుడు కూడా శరీరం ఎందుకిలా స్పందించాలి?

విదేశాలలో స్థిరపడిన మన కుటుంబాలకు ఈ ప్రశ్న కాలక్షేపానికి వేసుకునేది కాదు. పిల్లలు బడిలో ఆర్కెస్ట్రాతో కలిసి వయొలిన్ వాయిస్తారు. పెద్దలు ఇంట్లో త్యాగరాజ కృతులు వింటారు. ఒకే కప్పు క్రింద ఒకరికి పులకింత కలిగించిన సంగీతం మరొకరికి ఉత్త చప్పుడుగా తోచవచ్చు. ఇది అభిరుచిలోని లోపమా, లేక దీనికి మరేదైనా కారణం ఉన్నదా?

శరీరంలో జరిగేది

ప్రతి రోమం మొదట్లోనూ ఒక చిన్న కండరం ఉంటుంది. మన ఇష్టానిష్టాలతో నిమిత్తం లేకుండా పనిచేసే నాడీమండలం ఆ కండరాన్ని బిగిస్తే రోమం నిలబడుతుంది. ఒళ్ళంతా బొచ్చు ఉన్న జంతువులకు ఇది చలి నుండి రక్షణ. శత్రువు ఎదురైనప్పుడు పెద్దగా కనిపించే ఉపాయం కూడా. మనకు బొచ్చు పోయినా ఆ ఏర్పాటు మాత్రం మిగిలింది.

1980లో అవ్రామ్ గోల్డ్‌స్టీన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. మెదడులో సహజంగా పుట్టే నల్లమందు వంటి పదార్థాల ప్రభావాన్ని అడ్డుకునే నలాక్సోన్ అనే మందు ఇచ్చినప్పుడు, పాల్గొన్నవారిలో కొందరికి సంగీతం వల్ల కలిగే పులకింత తగ్గింది. దీనివల్ల ఈ అనుభూతికి రసాయనిక మూలం ఉన్నదన్న అనుమానం బలపడింది.

2001లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఆన్ బ్లడ్, రాబర్ట్ జటోర్ అనే పరిశోధకులు, వినేవారు తమకు పులకింత కలిగిస్తాయని స్వయంగా ఎంచుకున్న సంగీతాన్నే వినిపించి వారి మెదడు చిత్రాలు తీశారు. అన్నపానాది సుఖాలకు స్పందించే మెదడు భాగాలే అప్పుడు చురుకెక్కాయి. పోల్చి చూడడానికి ప్రతి ఒక్కరికీ మరొకరు ఎంచుకున్న సంగీతాన్ని కూడా వినిపించారు. ఒకరిని పులకింపజేసినది మరొకరిలో ఆ చలనం కలిగించలేదు.

2011లో అదే నగరంలో వలోరీ సలింపూర్ బృందం మరొక మెట్టు ఎక్కింది. పులకింత వేళ మెదడులో డోపమీన్ అనే రసాయనం విడుదలవుతున్నదని చూపింది. అయితే ఆ విడుదల రెండు అంచెలుగా జరిగింది. పులకింతకు కొన్ని సెకండ్ల ముందు, 'ఇదిగో, రాబోతున్నది' అని మనసు ఎదురుచూసే వేళ, కాడేట్ అనే భాగంలో విడుదలయింది. అసలు ఘట్టం వచ్చినప్పుడు న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే మరొక భాగంలో విడుదలయింది. అంటే మన ఆనందంలో ఒక పాలు ప్రాప్తిది, మరొక పాలు నిరీక్షణది.

ముగ్గురు స్వరకర్తలు, మూడు ఉపాయాలు

ఈ నిరీక్షణతో ఆడుకోవడం పాశ్చాత్య స్వరకర్తలకు ఏనాడో తెలుసు.

మొదటి ఉపాయం నిరీక్షణను భంగపరచడం. జోసెఫ్ హైడన్ రచించిన 94వ సింఫొనీ 1792లో లండన్‌లో మొదటిసారి వినిపించింది. దాని రెండవ భాగం పసిపిల్లలు కూడా పాడుకోగలిగినంత సరళమైన వరుసతో మెల్లగా మొదలవుతుంది. అదే వరుస ఇంకా మెల్లగా మళ్ళీ వస్తుంది. మెదడు 'నాకు తెలిసింది' అని నిశ్చింతగా ఉన్న క్షణంలో వాద్యబృందమంతా ఒక్కసారిగా గట్టిగా మ్రోగుతుంది. ఈ రచనకు 'సర్‌ప్రైజ్' అన్న పేరు అందుకే వచ్చింది.

రెండవ ఉపాయం నిరీక్షణను సాగదీసి, తరువాత తీర్చడం. బీథోవెన్ 5వ సింఫొనీ 1808 డిసెంబరు 22న వియన్నాలో తొలిసారి ప్రదర్శితమయింది. అది ఆరంభమయ్యే నాలుగు స్వరాలను ఆధార షడ్జమం నుండి లెక్కిస్తే మన పద్ధతిలో 'ప ప ప గ' అవుతాయి. అక్కడ గాంధారం సాధారణ గాంధారం. మూడవ భాగం చివర అన్ని వాద్యాలూ దాదాపు అణగిపోతాయి. తంత్రీ వాద్యాల సన్నని నాదం మీద డోలు మాత్రం గుండె చప్పుడులా మెల్లగా కొట్టుకుంటూ ఉంటుంది. అర నిమిషం పాటు వినేవాడు ఊపిరి బిగబట్టవలసిందే. ఆ పైన నాదం క్రమంగా పెరిగి, ఎక్కడా ఆగకుండా నాలుగవ భాగంలోనికి దూకుతుంది. అప్పుడు వినిపించే మొదటి స్వరాలు 'స గ ప'. ఇక్కడి గాంధారం అంతర గాంధారం. ఒక్క గాంధారం మారడంతో చీకటి విడిచి వెలుగు వచ్చినట్లుంటుంది. అంతవరకు మౌనంగా ఉంచిన ట్రాంబోన్లను బీథోవెన్ సరిగ్గా ఆ క్షణంలోనే రంగంలోనికి దింపాడు.

మూడవ ఉపాయం క్రమవృద్ధి. మారిస్ రావెల్ రచించిన 'బొలేరో' 1928లో పారిస్‌లో నృత్యరూపంగా ప్రదర్శితమయింది. సుమారు పావుగంట సేపు ఒకే లయ ఖండాన్ని చిన్న డోలు 169 సార్లు వాయిస్తుంది. వేగం మారదు, వరుసలు మారవు. వాద్యాలు మారుతూ, చేరుతూ, నాదం మాత్రం పెరుగుతూ పోతుంది. చివరికి వచ్చేసరికి ఆధార షడ్జమమే హఠాత్తుగా అంతర గాంధార స్థానానికి జరుగుతుంది. కచేరీ మధ్యలో తంబురా శ్రుతి మార్చినట్లన్నమాట. అంతసేపు మారనిది మారడం వల్లనే ఆ మార్పుకు అంత బలం.

మన సంగీతంలో

బీథోవెన్ 1770లో పుట్టాడు. త్యాగరాజస్వామి 1767లో జన్మించారు. ఒకరి ఉనికి ఒకరికి తెలియకపోయినా నిరీక్షణ రహస్యం ఇద్దరికీ తెలుసు. త్యాగరాజ కృతులలోని సంగతుల వరుసను గమనించండి. సాహిత్యం అదే ఉంటుంది; సంగతి సంగతికీ స్వరరచన విస్తరిస్తూ పైకి సాగుతుంది. బొలేరోలో వరుస నిలిచి వాద్యం మారితే, కృతిలో మాట నిలిచి వరుస మారుతుంది. రెండింటిలోనూ స్థిరమైనది ఒకటి ఉండబట్టే మారేది మనసును పట్టుకుంటుంది.

తని ఆవర్తనం మరొక ఉదాహరణ. మృదంగ విద్వాంసుడు ముక్తాయింపును మూడుసార్లు వాయించి కృతి ఎత్తుగడకు సరిగ్గా చేరుకునే క్షణంలో సభ అంతా తెలియకుండానే 'ఆహా' అంటుంది. చేతితో తాళం వేస్తున్నవాడికి ఆ ఆనందం ఇంకా ఎక్కువ. లెక్క ఎక్కడ తీరాలో అతనికి తెలుసు గనుక అతని నిరీక్షణ కూడా అంత పదునుగా ఉంటుంది.

పరిచయమే కీలకం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుకోవచ్చు. పులకింతకు నిరీక్షణ కావాలి. నిరీక్షణకు 'తరువాత ఏమి వస్తుంది' అన్న ఊహ కావాలి. ఆ ఊహ చాలావరకు వినగా వినగా అబ్బేది. భాష వినగా వినగా దాని నుడికారం పట్టుబడినట్లే, సంగీతం నడక కూడా పట్టుబడుతుంది. తాళం తెలియనివాడికి ముక్తాయింపు ఉత్త దరువు. మేజరు, మైనరు స్వరసమ్మేళనాల భేదం చెవికి ఎక్కనివాడికి బీథోవెన్ వెలుగు ఉత్త హోరు. కాబట్టి ఇక్కడ తప్పు పిల్లలదీ కాదు, పెద్దలదీ కాదు. లోపించినది పరిచయం మాత్రమే.

ఇందులో ఒక ఊరట ఉన్నది, ఒక హెచ్చరిక కూడా ఉన్నది. పరిచయం ఏ వయసులోనైనా పెంచుకోవచ్చునన్నది ఊరట. ఇంట్లో వినిపించని సంగీతం పిల్లల చెవికి తనంతట తానుగా పరిచయం కాదన్నది హెచ్చరిక. గొప్ప సంగీతమని ఎంత ఉపన్యసించినా, వారిలో నిరీక్షణ కలగనిదే పులకింత పుట్టదు. మరొక మాట కూడా చెప్పుకోవాలి. వినికిడి చక్కగా ఉండి, ఇతర సుఖాలన్నీ అనుభవిస్తూ, సంగీతం వల్ల మాత్రం ఆనందం పొందనివారు కొద్దిమంది ఉన్నారని 2014లో బార్సిలోనా పరిశోధకులు తెలిపారు. అటువంటివారిని రసహీనులని నిందించడం న్యాయం కాదు.

ఒక చిన్న అభ్యాసం

ఒక సెలవుదినాన కుటుంబమంతా కూర్చుని రెండు రచనలు వినండి. మొదట బీథోవెన్ 5వ సింఫొనీలో మూడవ భాగం చివరి నుండి నాలుగవ భాగం ఆరంభం వరకు వినండి. తరువాత సంగతులు పుష్కలంగా ఉన్న త్యాగరాజ కృతి నొకదానిని పల్లవి నుండి వినండి. మొదటి దానిలో డోలు ఎక్కడ మొదలయిందో, గాంధారం ఎక్కడ మారిందో పిల్లలు పెద్దలకు చూపించాలి. రెండవ దానిలో ఏ సంగతి ఎక్కడ పైకి సాగిందో పెద్దలు పిల్లలకు చూపించాలి. వారం తరువాత అవే మళ్ళీ వినండి. తెలిసిన ఘట్టమైతే పులకింత తగ్గుతుందని శంకించవద్దు. రాబోయేది తెలిసినవాడికే ఎదురుచూడడం చేతనవుతుంది. ఆ ఎదురుచూపులోనే సగం ఆనందం ఉన్నదని పైన చెప్పుకున్నాం కదా.