పాతకారు - కొండదారి

పాతకారు కొనుట యొకనాటి పని. దానిని నడుపుకొనుట నిత్యకృత్యము. కొత్తబండి యజమానుడు తాళపుచెవి త్రిప్పి నిశ్చింతగా సాగిపోవును. పాతబండి యజమానుడు మాత్రము చెవితో దాని మ్రోతను, ముక్కుతో దాని వాసనను కనిపెట్టుచుండవలెను. ఒకరు వాడి అమ్మిన కార్లను కొని పని గడుపుకొనువారు మన పల్లెలలోను, పట్టణములలోను పెక్కుమంది కలరు. నేనును వారిలో నొకడను.

కారు నడచిన దూరమును తెలుపు సాధనమునకు ఓడోమీటరని పేరు. మా బండిలో అది 1,60,000 కిలోమీటర్లు దాటినది. భూమధ్యరేఖవద్ద భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. అనగా మా బండి నాలుగు భూప్రదక్షిణములు చేసినదన్నమాట! పూర్వపు కార్లలో పెక్కింటికి ఈ మీటరున అయిదంకెలే యుండెడివి. 99,999 తరువాత మరల సున్నలు వచ్చెడివి. అమ్మువాడు ఇరువదివేలే నడచినదని చెప్పినను, తెలిసినవారు మీటరును విడిచి పెడలుమీది రబ్బరు అరుగుదలను చూచెడివారు. రబ్బరు అబద్ధమాడదు.

సొంతకారునకు రిజిస్ట్రేషను పదునైదేండ్లు. పిమ్మట రవాణాశాఖవారు బండిని పరీక్షించి అయిదేండ్లకొకసారి పొడిగింతురు. ఆ పరీక్ష ఒకనాటిది. తక్కిన దినములందు పరీక్షాధికారి యజమానుడే.

మా బండి చలికాలపు ఉదయములందు కదలనని మొరాయించును. ఇరుగుపొరుగువారు నవ్వుచు వచ్చి త్రోయుదురు. ఇందు కొంత సిగ్గు కలదు గాని అపాయము లేదు. మా మెకానిక్కు చదువుకొన్నది తక్కువయైనను ఒక మాట చెప్పినాడు: "అయ్యవారూ! బండి కదలకపోతే నాకు కబురు చేయండి, వచ్చి కదిలిస్తాను. ఆగకపోతే మాత్రం, నేను వచ్చేసరికి చేయడానికేమీ మిగలదు." మనుమలతో తిరుమలకు పోదలచితిమని చెప్పగా, అతడు ఇంజనును చూడకమునుపే బ్రేకు నూనెను చూచెను. అది కషాయమువలె నల్లబడి యుండెను. దానిని పూర్తిగా తీసివేసి క్రొత్తది పోసినగాని బండి నీయనని పట్టుబట్టెను.

తిరుమలకు రెండు ఘాటురోడ్లు కలవు. మొదటిది 1944లోను, రెండవది 1974లోను ఏర్పడినవి. వాహనములు క్రొత్తదారిని ఎక్కి, పాతదారిని దిగును. పాతబండికి ఎక్కునపుడొక పరీక్ష, దిగునపుడు వేఱొక పరీక్ష.

ఎక్కునపుడు ఇంజను అధికముగా శ్రమించి వేడెక్కును. ఆ వేడిని రేడియేటరులోని నీరు మోసికొనిపోయి గాలికి విడుచును. ఏండ్లు గడచిన రేడియేటరు లోపల త్రుప్పుతో పూడుకొనును. రబ్బరు గొట్టములు బీటలువారును. వేడిని చూపు ముల్లు ఎఱ్ఱగీటువైపు పోయినచో, దారికి అడ్డములేని వెడల్పుచోట బండి నిలిపి ఇంజను ఆపవలెను. అప్పుడు తొందరపడి రేడియేటరు మూత తీయరాదు. మూత బిగువుగానున్నంతవఱకు లోపలి ఒత్తిడిచే నీరు 100 డిగ్రీలు మించియు మరగకుండును. మూత తీసినంతనే ఒత్తిడి తగ్గి, అది ఒక్కపెట్టున మరగి ముఖముపైకి చిమ్మును. ఇట్లు కాలినవారు ఎందఱో కలరు.

దిగుటయే అసలు కష్టము. బ్రేకు తొక్కినప్పుడు బండి వేగము వేడిగా మారును. వంపు వంపునకు కాలు బ్రేకుపైననే యున్నచో ఆ వేడి నూనెకు ప్రాకును. బ్రేకు నూనెకు గాలిలోని తేమను పీల్చు గుణము కలదు. డాట్ 3 అను రకపు నూనె క్రొత్తదిగా నున్నప్పుడు 205 డిగ్రీలవఱకు మరగదు, నూటికి 3.7 పాళ్లు నీరు చేరినచో 140 డిగ్రీలకే మరగవచ్చును. మరగిన నూనెలో బుడగలు పుట్టును. ద్రవము నొత్తినచో నలగదు, బుడగ నలగును. అందుచే పెడలు నేలకు తగులును గాని చక్రము నిలువదు.

కావున ఏ గేరులో ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెనని పాత డ్రైవర్లు చెప్పుదురు. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచును. బ్రేకునకు పని తగ్గును. పెట్రోలు మిగులునని న్యూట్రలులో దిగువారు కలరు. నేటి ఇంజనులలో గేరునందుండి ఆక్సిలరేటరునుండి కాలు తీసినచో ఇంధనము దానంతటదే ఆగును. వారికి మిగులునది ఏమియు లేదు. ఇంజనునే ఆపివేయుట మఱింత ప్రమాదము: బ్రేకునకు తోడ్పడు బలము పోవును, స్టీరింగు బిగుసుకొనును.

దిగుచుండగా మాడిన వాసన వచ్చినచో వెంటనే వెడల్పైన చోట ఆగి, చక్రములకు ముందు రాళ్లు పెట్టవలెను. కాలిన బ్రేకులపై నీరు చల్లరాదు; వేడి యినుము హఠాత్తుగా చల్లబడినచో వంకరపోవును, పగులును. వానిని గాలికే విడువవలెను. అరగంట పట్టును. ఆ అరగంట పిల్లలను రోడ్డుపైకి పోనీయక, శేషాచలపు లోయను చూపుచు కూర్చుండవచ్చును.