దారం చేతిలో ఉండాలి

2008 జూన్ నెల. ఇండొనేషియా దేశం. అక్కడ కొమొడో దీవుల దగ్గర ఐదుగురు సముద్రం లోపలికి దిగారు. చేపలు పట్టటానికి కాదు. నీటి అడుగున ఉన్న పగడాలను, రంగురంగుల చేపలను చూడటానికి.

నీటి లోపల ప్రవాహం బలంగా ఉంది. అది వాళ్ళను లాక్కుపోయింది. పైకి తేలారు. చుట్టూ సముద్రమే! తమ పడవకు దూరమయ్యారు. గంటల తరబడి కొట్టుకుపోయారు. చివరికి రింకా అనే దీవి చేరారు. అక్కడ కొమొడో డ్రాగన్లు ఉంటాయి. అవి మనిషికన్నా పొడవు పెరిగే ఉడుములు. ఒకటి దగ్గరికొస్తే రాళ్ళు విసిరి తరిమారు. రెండు రోజుల తరువాత వెతికేవాళ్ళు వాళ్ళను కనుగొన్నారు. ఐదుగురూ బతికారు.

అలల మధ్య మనిషి తల ఎంత కనబడుతుంది? తేలే కొబ్బరికాయంత. కాస్త దూరం పోతే అదీ కనబడదు. అందుకే నీటిలో దిగేవాళ్ళకు ఒక గుర్తు కావాలి.

గాలి సంచి

నీటి లోపల ఈదేవాళ్ళను డైవర్లు అంటారు. వీళ్ళు వీపుకు గాలి సిలిండరు కట్టుకుంటారు. గొట్టంతో ఊపిరి పీలుస్తారు. ఇట్లా ఊపిరి అందించే పరికరాన్ని 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు తయారు చేశారు. మన దేశంలో అండమాన్ దీవుల దగ్గర ఇట్లా దిగుతారు. ఆడవాళ్ళూ దిగుతారు.

మన జాలర్లు వలకు బెండ్లు కడతారు కదా! బెండును చూస్తే వల ఎక్కడుందో తెలుస్తుంది. డైవర్ల గుర్తు కూడా అట్లాంటిదే. అది ఎర్రటి లేక నారింజ రంగు గాలి సంచి. పొడవుగా గొట్టంలా ఉంటుంది. మడిచి వెంట తీసుకుపోతారు. పైకి వచ్చేముందు గాలి నింపి వదులుతారు. అది నీటిపైన నిలబడుతుంది. పడవవాళ్ళు చూసి అటు వస్తారు.

సంచికి దారం ఉంటుంది. దారం చుట్టటానికి రీలు ఉంటుంది.

మంచి రీలు ఎట్లా ఉండాలి?

రీలు మీకు తెలిసిందే. కుట్టుమిషను దారపు రీలు చూశారు కదా! ఇదీ అట్లాంటిదే. కాకపోతే పెద్దది.

1. దారం నీటి లోతుకన్నా పొడవుండాలి. ప్రవాహంలో దారం ఏటవాలుగా పోతుంది. 20 మీటర్ల లోతుకు 30 మీటర్ల దారం ఉంటే మంచిది.

2. దారం అంచులదాకా చుట్టకూడదు. నిండా చుడితే జారిపోయి చిక్కు పడుతుంది.

3. దారం గట్టిగా ఉండాలి. నీటిలో బాగా కనబడే రంగు కావాలి.

4. రీలు సులువుగా తిరగాలి. పిడి, మర ఉన్న రీళ్ళు కూడా ఉన్నాయి. చుట్టటానికి అవి సులువే. కానీ దారం ఇరుక్కునే చోట్లు ఎక్కువ. అందుకే చాలామంది మధ్యలో రంధ్రం ఉన్న మామూలు గుండ్రటి రీలునే వాడతారు.

ఎట్లా వదలాలి?

ముందు పైకి చూడాలి. పైన పడవ ఉండకూడదు. రీలును రెండు వేళ్ళ మధ్య వదులుగా పట్టుకోవాలి. తరువాత సంచిలో గాలి నింపాలి. నిండా నింపనక్కరలేదు. 10 మీటర్ల లోతులో సగం నింపితే చాలు. పైకి పోయేకొద్దీ నీటి బరువు తగ్గుతుంది. లోపలి గాలి ఉబ్బుతుంది. పైకి చేరేసరికి సంచి నిండుతుంది.

సంచిని వదలగానే అది రివ్వున పోతుంది. రీలు గిర్రున తిరుగుతుంది. ఒక్కోసారి దారం ఇరుక్కుంటుంది. అప్పుడు రీలును వెంటనే వదిలెయ్యాలి!

రీలును ఒంటికి తగిలించుకుంటే? గేదె పలుపు చేతికి చుట్టుకున్నట్టే. గేదె బెదిరితే మనిషిని ఈడ్చుకుపోతుంది. సంచి కూడా డైవరును అట్లాగే పైకి ఈడుస్తుంది. గబగబా పైకి వస్తే ప్రాణానికే ముప్పు. ఊపిరితిత్తుల్లో గాలి ఉబ్బి అవి చిరిగిపోవచ్చు. గోలీసోడా కొడితే బుడగలు వస్తాయి కదా! రక్తంలో కూడా అట్లా బుడగలు రావచ్చు. రీలు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. ప్రాణం పోతే?

అందుకే దారం చేతిలో ఉండాలి. ఒంటికి కట్టుకోకూడదు.

నిదానంగా పైకి

తరువాత దారం చుట్టుకుంటూ పైకి రావాలి. దారం బిగువుగా ఉంచాలి. వదులైతే కాళ్ళకు చుట్టుకుంటుంది. నిమిషానికి 9 మీటర్లకు మించి ఎక్కకూడదు. ఊపిరి బిగపట్టకూడదు. 5 మీటర్ల లోతులో 3 నిమిషాలు ఆగాలి. ఒడ్డుకు చేరాక రీలును మంచినీళ్ళతో కడగాలి. ఉప్పు, ఇసుక పోతాయి.

చెప్పండి

1. గాలి సంచి ఎర్రగా ఎందుకుంటుంది?
2. సంచిలో గాలి నిండా ఎందుకు నింపరు?
3. దారం ఇరుక్కుంటే ఏం చెయ్యాలి?

లెక్క చెయ్యండి

రీలులో 30 మీటర్ల దారం ఉంది. 18 మీటర్ల దారం పైకి పోయింది. రీలులో ఇంకా ఎంత దారం ఉంది?

మాట్లాడుకోండి

మీరు చేసే పనుల్లో తాడు ఎక్కడెక్కడ వాడతారు? ఏ జాగ్రత్తలు తీసుకుంటారు? ఒక్కొక్కరూ రెండు మాటలు చెప్పండి. పలక మీద రాయండి.