ఒక్క నొక్కుకు రెండు రసీదులా?

సీ షార్ప్‌లో బటన్ నొక్కడం ఒక ఈవెంట్. అప్పుడు నడవాల్సిన మెథడ్‌ను హ్యాండ్లర్ అంటాం. దాన్ని += గుర్తుతో ఈవెంట్‌కు చేరుస్తాం. మెస్ రిజిస్టర్‌లో ఒకే పేరు రెండుసార్లు రాస్తే రెండు భోజనాలు లెక్కకొస్తాయి కదా! ఇక్కడా అంతే. ఒకే హ్యాండ్లర్‌ను రెండుసార్లు చేర్చినా సీ షార్ప్ అడ్డు చెప్పదు, ఒక్క నొక్కుకు రెండుసార్లు నడుపుతుంది. ఫీజు వసూలు ప్రోగ్రాంలో ఇలా జరిగితే ఒకే విద్యార్థి పేర రెండు రసీదులు పడతాయి.

కాబట్టి చేర్చే లైనును ఫారం కన్‌స్ట్రక్టర్‌లో ఒక్కసారే రాద్దాం. మళ్లీ మళ్లీ పిలిచే మెథడ్‌లో రాయక తప్పకపోతే ముందు -= తో తీసి, తర్వాత += తో చేర్చుదాం. లేనిదాన్ని తీసినా ఎర్రర్ రాదు. అయితే పేరులేని లాంబ్డాను అక్కడికక్కడే రాస్తే తీయలేం. పేరున్న మెథడ్‌నే వాడదాం. పరీక్షించేటప్పుడు ఒక్కసారి నొక్కి ఆపకుండా, ఆ మెథడ్‌ను మళ్లీ నడిపి నొక్కి చూద్దాం.