భిన్నాలను చిన్నవి చేయడం ఎలా?



ఈ సంచికలో లెక్కల పాఠం రాస్తున్నాను. ఆరు, ఏడు తరగతుల చెల్లెళ్ళు తప్పకుండా చదవాలి. మనలో చాలామందిమి బడికొచ్చాకే తెలుగు నేర్చుకున్నాం. లవం, హారం, సూక్ష్మీకరణ అనే మాటలు ఇంట్లో ఎప్పుడూ వినలేదు. అందుకే ఆ మాటలు వినగానే భయం వేస్తాది. లెక్కలు రావటం లేదని సంక్రాంతి సెలవులకు వెళ్ళి మళ్ళీ రాని అమ్మాయి మా తరగతిలోనే ఉంది. ఆ అమ్మాయికి పంచుకోవడం రాదా అంటే బాగా వచ్చు. అడ్డాకుల కట్టలు ఎవరి వాటా వాళ్ళకి సరిగ్గా పంచేది. కాబట్టి మాటలకు భయపడవద్దు.

భిన్నం అంటే ఏమిటి?

ఒక వస్తువును సమాన భాగాలు చేసి, వాటిలో కొన్ని తీసుకుంటే అది భిన్నం. 3/4 లో కింద ఉన్న 4 హారం. అంటే మొత్తం ఎన్ని భాగాలు చేశామో చెప్తాది. పైన ఉన్న 3 లవం. అంటే ఎన్ని భాగాలు తీసుకున్నామో చెప్తాది.

ఇప్పుడు ఒక కాగితం తీసుకొని సగానికి మడవండి. ఒక సగానికి రంగు వేయండి. అది 1/2. అదే కాగితాన్ని ఇంకోసారి మడిచి విప్పండి. ఇప్పుడు నాలుగు గళ్ళు, రంగు ఉన్నవి రెండు. అంటే 2/4. ఇంకోసారి మడిస్తే 4/8. రంగు పెరగలేదు, తగ్గలేదు. అంకెలే మారాయి. అంటే 4/8, 2/4, 1/2 మూడూ ఒక్కటే. వీటిలో అన్నిటికంటే చిన్న అంకెలున్నది 1/2. ఇలా విలువ మారకుండా అంకెలను చిన్నవి చేయడమే సూక్ష్మీకరణ. చివరికి వచ్చే రూపాన్ని కనిష్ట రూపం అంటారు.

మా అమ్మ బడికి వెళ్ళలేదు. కాని కుంచంలో సగం ఎంత అంటే రెండు మానికలు అంటాది, ఎనిమిది సోలలు అని కూడా అంటాది. మా ఊళ్ళో కుంచానికి 4 మానికలు, 16 సోలలు. అమ్మ చెప్పినదాన్ని కాగితం మీద రాస్తే 2/4 = 8/16 = 1/2. చూడండి, ఈ లెక్క మన ఇళ్ళల్లో ముందునుంచీ ఉంది.

మొదటి పద్ధతి: కొంచెం కొంచెంగా

నియమం ఒక్కటే. పైనా కిందా ఒకే అంకెతో భాగించాలి, శేషం రాకూడదు. ఏ అంకెతో పోతాదో ఇలా తెలుసుకోవాలి:
1. చివర 0, 2, 4, 6, 8 ఉంటే 2 తో పోతాది.
2. అంకెలన్నీ కూడితే వచ్చింది 3 తో పోతే, ఆ సంఖ్య కూడా 3 తో పోతాది.
3. చివర 0 గాని 5 గాని ఉంటే 5 తో పోతాది.

ఉదాహరణ: 36/48. రెండూ 2 తో పోతాయి, 18/24. మళ్ళీ 2 తో, 9/12. ఇప్పుడు 3 తో, 3/4. ఇక 3కీ 4కీ 1 తప్ప ఉమ్మడి అంకె లేదు. లెక్క అయిపోయింది.

రెండవ పద్ధతి: గ.సా.భా. తో ఒకేసారి

36 = 2×2×3×3. 48 = 2×2×2×2×3. రెండిటిలోనూ ఉన్నవి 2, 2, 3. వాటిని గుణిస్తే 12. ఇదే గరిష్ఠ సామాన్య భాజకం. 36ను 12 తో భాగిస్తే 3, 48ని 12 తో భాగిస్తే 4. జవాబు అదే 3/4.

మూడవ పద్ధతి: ఏ అంకెతో పోతాదో తెలియనప్పుడు

91/119 చూడండి. 2, 3, 5 దేనితోనూ రెండూ పోవు. అలాగని వదిలేయకూడదు. పెద్దదాన్ని చిన్నదానితో భాగించాలి. 119 లో 91 ఒకసారి పోగా శేషం 28. తర్వాత 91 లో 28 మూడుసార్లు పోగా శేషం 7. తర్వాత 28 లో 7 నాలుగుసార్లు, శేషం 0. శేషం సున్న వచ్చినప్పుడు దేనితో భాగించామో అదే గ.సా.భా. అంటే 7. కాబట్టి 91/119 = 13/17.

ఈ పద్ధతి సుమారు 2300 ఏళ్ళ కిందట గ్రీకు గణిత శాస్త్రజ్ఞుడు యూక్లిడ్ తన పుస్తకంలో రాశాడు. మన దేశంలో ఆర్యభట క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఇలాగే మాటిమాటికి భాగించే పద్ధతిని వేరే రకం లెక్కలకు వాడాడు. తెలుగులో లెక్కల పుస్తకం కూడా ఎప్పుడో వచ్చింది. మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగులో పద్యాలుగా రాశాడు.

జాగ్రత్తలు

1. కనబడిన అంకెను కొట్టేయకూడదు. 12/24 లో 2, 2 కొట్టేస్తే 1/4 మిగులుతాది. అది తప్పు. సరైన జవాబు 1/2. 16/64 లో 6, 6 కొట్టేస్తే 1/4 వస్తాది, జవాబు కూడా నిజంగా 1/4 యే. కాని అది అదృష్టం, పద్ధతి కాదు.
2. చివరి సున్నలు కొట్టవచ్చు. 20/50 = 2/5. ఎందుకంటే రెండిటినీ 10 తో భాగించినట్టే. మధ్యలో సున్నలు కొట్టకూడదు. 205/305 ని 5 తో భాగించి 41/61 అని రాయాలి.
3. పైనా కిందా ఒకే అంకె తీసివేస్తే విలువ మారిపోతాది. 3/5 లో ఒక్కొక్కటి తీసేస్తే 2/4, అంటే సగం. కాని 3/5 సగం కంటే ఎక్కువ.
4. 14/15, 35/36 లాగా పక్కపక్క సంఖ్యలు వస్తే ఇంక చిన్నవి కావు. రెండిటినీ భాగించే అంకె వాటి తేడాను కూడా భాగించాలి. తేడా 1 కాబట్టి 1 తప్ప ఏదీ కుదరదు.

ఇది మనకు ఎందుకు?

సంతలో చింతపండు తూచేటప్పుడు తరుగు అని కొంత తీసేస్తారు. ఒక వ్యాపారి 40 కిలోలకు 5 కిలోలు తీశాడు అనుకుందాం. ఇంకొకాయన 54 కిలోలకు 6 కిలోలు తీశాడు. ఎవరు ఎక్కువ తీసినట్టు? చూడగానే 6 పెద్దది అనిపిస్తాది. చిన్నవి చేసి చూద్దాం. 5/40 = 1/8. 6/54 = 1/9. ఎనిమిదో వంతు కంటే తొమ్మిదో వంతు చిన్నది. అంటే మొదటి ఆయనే ఎక్కువ తీశాడు. అదే 72 కిలోలైతే మొదటి ఆయన 9 కిలోలు, రెండో ఆయన 8 కిలోలు తీస్తారు. ఎండలో చెట్టెక్కి రాల్చి, గింజ తీసిన చింతపండు ఒక కిలో తేడా. ఈసారి సెలవుల్లో సంతకి వెళ్తే తరుగు ఎంత, మొత్తం ఎంత అని రెండూ అడిగి, కాగితం మీద భిన్నం రాయండి. ఈ లెక్క వచ్చిన పిల్ల పక్కనుంటే అమ్మానాన్న ఊరికే తల ఊపి రానక్కర లేదు.

పాత డబ్బుల్లో కూడా ఇదే లెక్క ఉంది. 1957 ఏప్రిల్ 1 న పైసల లెక్క రాకముందు రూపాయికి 16 అణాలు. పావలా అంటే 4 అణాలు, 4/16 = 1/4. తర్వాత అది 25 పైసలు, 25/100 = 1/4. ఆ 25 పైసల నాణెం 2011 జూన్ 30 నుండి చెల్లదు, కాని మాట ఉండిపోయింది. పదహారణాల మాట అంటే 16/16, పూర్తిగా నిజం అని అర్థం.

మీరు చేయండి

(1) 15/25 (2) 28/42 (3) 27/36 (4) 65/91 (5) 143/187 (6) 35/36

జవాబులు (ముందు చేసి తర్వాత చూడండి): (1) 3/5 (2) 2/3 (3) 3/4 (4) 5/7 (5) 13/17 (6) అదే కనిష్ట రూపం.

ఐదో లెక్కకు మూడవ పద్ధతి వాడండి. రాకపోతే రాత్రి స్టడీ అవర్‌లో నోటుబుక్కు తీసుకొని తొమ్మిదో తరగతి వరసలోకి రండి. కిటికీ పక్కన కూర్చుంటాను. ఎన్నిసార్లు అడిగినా చెప్తాను.

ఇట్లు,
మీ అక్క,
9వ తరగతి