పాత టూరింగ్ బైక్ బేరమాడే ముందు బ్రేకుల సంగతి చూడండి!

అమెరికాలో పాత బీఎండబ్ల్యూ టూరింగ్ బైక్ చవగ్గా దొరికిందని సంబరపడే ముందు ఇవి ఓసారి చదవండి. 2001 ప్రాంతం నుంచి ఆర్ 1150 ఆర్‌టీ, కే 1200 ఎల్‌టీ లాంటి బళ్లకి ఏబీఎస్‌తో పాటు కరెంటు మోటారు సాయంతో పట్టే బ్రేకులు పెట్టారు. రెండు వేళ్లతో నొక్కితే చాలు, బండి ఆగుతుంది. ఈ బ్రేకుల్ని నడిపే యూనిట్ పోయిందా, కొత్తదానికి వెయ్యి డాలర్ల పైమాటే!

1. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కాసేపాగి బ్రేకు నొక్కండి. ట్యాంకు కింద నుంచి జుయ్‌మని చప్పుడొస్తే మోటారు బ్రేకులున్నట్టే.

2. ఈ మోటారు గొడవే వద్దనుకుంటే ఆర్ 1200 ఆర్‌టీలో 2007 మోడల్, లేదా ఆ తర్వాతది వెతకండి. ఏబీఎస్ ఉంటుంది, మోటారు ఉండదు.

3. తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలగాలి, బండి కదిలాక ఆరిపోవాలి. అసలు వెలగనే లేదంటే బల్బు పీకేశారేమోనని అనుమానించండి, డబ్బు మాత్రం ఇవ్వకండి.

4. తాళం తిప్పిన వెంటనే బ్రేకు పట్టుకోకండి. బండి తనను తాను పరీక్షించుకునే సమయమది, మధ్యలో నొక్కితే లైటు ఆరక లేనిపోని కంగారు.

5. అయినా లైటు ఆరలేదా? బ్యాటరీ ఫుల్లుగా చార్జ్ చేసి మళ్లీ చూడండి. బ్యాటరీ నీరసంగా ఉన్నా ఈ లైటు వెలుగుతుంది, దానికి యూనిట్ మార్పించడం శుద్ధ దండగ.

6. హ్యాండిల్ దగ్గర డబ్బాలో బ్రేక్ ఆయిల్ లేత రంగులో ఉందని మురిసిపోకండి. చక్రాలకు వెళ్లే ఆయిల్ వేరు, దాని డబ్బాలు ట్యాంకు కింద యూనిట్ మీదుంటాయి. అది మార్చిన రసీదు అడగండి, లేకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

7. 1150 ఆర్‌టీకి ఆ ఆయిల్ మార్చడానికి ఎలాగూ ట్యాంకు దించుతారు, పెట్రోల్ ఫిల్టరూ అప్పుడే మార్పించేయండి. ఒక్క లేబర్‌తో రెండు పనులు!

8. డాట్ 4 ఆయిలే పోయించండి, సిలికాన్ డాట్ 5 వద్దు. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి.

9. డ్రైవ్‌వే వాలుగా ఉంటే తాళం తిప్పకుండా బండి కిందికి దొర్లించొద్దు. మోటారు సాయం లేక లివర్ బిగుసుకుపోతుంది, బలమంతా పెట్టి నొక్కినా కొద్దిగానే పడుతుంది. 1150 ఆర్‌టీ అంటే దగ్గర దగ్గర 280 కిలోల బండి, గోడ వైపు దొర్లితే ఆపలేరు! తాళం తిప్పి దొర్లించండి, నిలిపేటప్పుడు గేరులో పెట్టండి.

10. 1150 ఆర్‌టీలో కాలి బ్రేకు తొక్కినా ముందు చక్రానికీ బ్రేకు పడుతుంది. పార్కింగ్‌లో హ్యాండిల్ తిప్పి మలుపు తీసుకుంటూ అలవాటు కొద్దీ తొక్కారంటే బండి పక్కకు ఒరుగుతుంది. కొన్నరోజే ఖాళీ స్థలంలో నెమ్మదిగా నొక్కడం సాధన చేయండి, పక్క ప్యానెళ్ల ఖర్చు మిగులుతుంది.

11. యూనిట్ తీసేసి, మామూలు బ్రేకులు కలిపేసిన బళ్లూ అమ్మకానికొస్తాయి. రిపేరు బాధ లేదు గానీ ఏబీఎస్ కూడా పోయినట్టే. వెనక కూర్చునేదాన్ని నేను, వానలో అలాంటి బండెక్కమంటే చచ్చినా ఎక్కను. మీకు ఫర్వాలేదనుకుంటే ధర బాగా దించి అడగండి.